కాస్త ఆలస్యంగా లే, నడక మాత్రం మానకు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. చలికి లేవలేక వాకింగ్ మానేశానన్నావు, మోకాళ్లు పట్టేస్తున్నాయన్నావు, దగ్గు తగ్గలేదన్నావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

తెల్లవారుజామున ఐదింటికి లేవలేకపోవడాన్ని బద్ధకం అనుకుని బాధపడకు. చలి తగలగానే ఒంట్లో వేడి పోకుండా చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకుంటాయి. అప్పుడు బీపీ పెరుగుతుంది, గుండె ఎక్కువ కష్టపడాల్సి వస్తుంది. నిద్ర లేచే వేళకు బీపీ ఎలాగూ పైకి పోతూ ఉంటుంది. నీకు బీపీ మాత్రలు ఉన్నాయి కాబట్టి ఈ సంగతి మరీ గుర్తుపెట్టుకోవాలి. పైగా చల్లటి గాలి నేలకు దగ్గరగా నిలిచిపోయి, బళ్ల పొగ, దుమ్ము పైకి పోకుండా మన ముక్కు ఎత్తులోనే ఉంటాయి. అందుకని ఎండ పడ్డాకే బయటికి వెళ్లు. ఎనిమిదింటికి నడిచినా నడకే, సాయంత్రం నాలుగింటికి నడిచినా నడకే.

నేను కూడా ఒకప్పుడు పట్టుదలకు పోయి చీకట్లోనే బయల్దేరేదాన్ని. ఒకరోజు దుప్పట్లోంచి లేచి, మొహం కడుక్కుని, నేరుగా రోడ్డెక్కి గబగబా నడిచాను. వంద అడుగులు వేశానో లేదో, పిక్క రాయిలా బిగుసుకుపోయింది. ఎవరిదో ప్రహరీ గోడ పట్టుకుని, మడమ కింద ఆనించలేక, ఒంటికాలి మీద పావుగంట నిలబడ్డాను. తర్వాత పది రోజులు నడకే లేదు. ఒక్కరోజు తొందరకు పది రోజులు పోయాయి.

అప్పటి నుంచి నేను చేసేది చెబుతాను, నువ్వూ చెయ్యి. మెలకువ రాగానే లేవకు. దుప్పట్లో ఉండగానే పాదాలు ముందుకూ వెనక్కీ వంచు, చీలమండలు గుండ్రంగా తిప్పు. ఒక్కో మోకాలు మెల్లగా పొట్ట వైపు లాక్కుని వదులు. లేచి కూర్చుని భుజాలు తిప్పు, ఓ నిమిషం ఆగి నిలబడు. తర్వాత ఇంట్లోనే ఐదు నిమిషాలు ఉన్నచోటే అడుగులు వెయ్యి. నాకైతే వేళ్ల చివర్లు వెచ్చబడితే ఒళ్లు సిద్ధమైనట్టు లెక్క, అప్పుడు చెప్పులు వేసుకుంటాను. నడిచేటప్పుడు మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత ఆయాసం ఉండాలి, ఆ వేగం చాలు. వారానికి కనీసం 150 నిమిషాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. ఒకేసారి కుదరకపోతే పదేసి నిమిషాలుగా విడగొట్టుకో. మంచు కమ్మిన రోజున బయటికి వెళ్లకుండా, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చో. నీ మోకాళ్లకు కావాల్సింది తొడల్లో బలమే. మొదట్లో ఐదుసార్లు చేసినా చాలు, నొప్పి పుడితే ఆపెయ్యి.

బట్టల విషయంలో ఒక్క మందపాటి స్వెట్టర్ కన్నా పలచటివి రెండు మూడు మేలు. వాటి మధ్య గాలే వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది, ఒళ్లు వేడెక్కాక ఒకటి తీసేయొచ్చు. చెమట పట్టిన బట్టలు రాగానే మార్చుకో.

చలికాలంలో దాహం తెలియదు కానీ మూత్రానికి మాత్రం మాటిమాటికీ వెళ్తాం. కాబట్టి గుర్తుపెట్టుకుని గోరువెచ్చటి నీళ్లు తాగు. మూత్రం ముదురు పసుపుగా కనిపిస్తే నీళ్లు చాలలేదన్నమాట. తిండి గురించి నీకు పెద్దగా చెప్పక్కర్లేదు. వేపుళ్లు, తీపి మీదకు మనసు పోయే కాలం ఇది, తిను కానీ వాటితోనే కడుపు నింపుకోకు. ఆకుకూర, పప్పు, గుడ్డు, ఏదో ఒక పండు రోజూ పళ్లెంలో ఉండాలి. నారింజలు తింటే జలుబు రాదని నమ్మి ఊరుకోకు, అవి ఒంటికి మంచివే కానీ జలుబును ఆపలేవు. అలాగే కిటికీ అద్దం వెనక కూర్చుంటే వెచ్చగా ఉంటుంది, విటమిన్ డి మాత్రం రాదు. దాన్ని తయారుచేసే కిరణాలను అద్దం ఆపేస్తుంది. కాసేపు ఆరుబయట, చేతులకు నేరుగా ఎండ తగిలేలా కూర్చో.

దగ్గుకు గోరువెచ్చటి గ్లాసుడు నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించు, పడుకునే ముందు ఒక చెంచా తేనె తీసుకో. ఏడాది నిండని పసిపిల్లలకు మాత్రం తేనె నాకించకూడదు, ఎవరు చెప్పినా వినకు. సలసల కాగే నీళ్లతో స్నానం హాయిగానే ఉంటుంది కానీ చర్మంలో ఉన్న జిడ్డంతా పోయి దురద మొదలవుతుంది. గోరువెచ్చటి నీళ్లతో త్వరగా ముగించి, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె రాసుకో.

వేడినీళ్ల బ్యాగు గురించి ప్రత్యేకంగా రాస్తున్నాను. మీ పెదనాన్నకు షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిందని తెలుసు కదా. ఒక రాత్రి చలికి ఆ బ్యాగు కాళ్ల దగ్గర పెట్టుకుని నిద్రపోయారు. పొద్దున్నే సాక్స్ తీసి చూస్తే మడమ పక్కన పెద్ద బొబ్బ, నీరు నిండి మెరుస్తోంది. ఆయనకు నొప్పే తెలియలేదు. అది మానడానికి నెల దాటింది, రోజూ కట్టు మారుస్తుంటే నాకు కన్నీళ్లు ఆగేవి కావు. ఇప్పుడు బ్యాగుతో పక్క వెచ్చబెట్టి, ఆయన పడుకోకముందే తీసేస్తాను. మీ అత్తగారికీ షుగర్ ఉంది, ఆవిడ దగ్గర జాగ్రత్త. తలుపులన్నీ మూసి గదిలో బొగ్గుల కుంపటి మాత్రం ఎప్పుడూ పెట్టకండి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఈ దగ్గు రెండు వారాలు దాటితే ఇంటి చిట్కాలతో సరిపెట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లు. వెళ్లినప్పుడు ఫ్లూ టీకా గురించి కూడా అడుగు. నడుస్తుండగా ఛాతీలో బరువుగా అనిపిస్తే, చెయ్యి లాగితే, అది గ్యాసేమో అనుకుని ఇంట్లో కూర్చోకు, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి. టెన్షన్ పెట్టాలని రాయడం లేదు, నువ్వు అన్నీ ఓర్చుకునే రకం అని భయపడి రాస్తున్నాను.

రేపటి నుంచి వారం రోజులు పొద్దునా రాత్రీ బీపీ చూసుకుని ఒక కాగితం మీద రాసిపెట్టు. కూర్చుని ఐదు నిమిషాలు అయ్యాకే చూడాలి. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆ అంకెలు నాకు చదివి వినిపించు.

మీ పెద్దమ్మ