మార్కులు పెరిగాయి, మరి చొక్కా గుండీ ఎందుకు పట్టడం లేదు?

ప్రశ్న: మా నాన్నగారికి 57 ఏళ్లు. కొబ్బరికాయల ఒలుపు పని చేసేవారు. నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఫిజియోథెరపిస్టు మొదట్లో 66కి 20 మార్కులు వేశారు, ఇప్పుడు 35 అంటున్నారు. కానీ గుండీ కూడా పెట్టుకోలేకపోతున్నారు. ఊళ్లో పావురం మాంసం పెట్టమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: ఫిజియో చెప్పిందీ నిజమే, మీరు చూస్తున్నదీ నిజమే. 66 మార్కులంటే అది పక్షవాతం తర్వాత చెయ్యి ఎంతవరకు కదులుతోందో కొలిచే ఫ్యూగల్-మేయర్ పరీక్ష అయ్యుంటుంది. 1975 నుంచి వాడుకలో ఉంది. కదలిక అసలు రాకపోతే సున్నా, కొంత వస్తే ఒకటి, పూర్తిగా వస్తే రెండు. మొత్తంలో 36 మార్కులు భుజం నుంచి ముంజేతి వరకే. మణికట్టుకు 10, వేళ్లకు 14. కళ్లు మూసుకుని మోకాలి మీద నుంచి ముక్కుకు వేలు ఐదుసార్లు తాకించే పరీక్షకు మిగతా 6.

ఇప్పుడు లెక్క చూడండి. పెరిగిన 15 మార్కులూ భుజం, మోచేతి దగ్గరే వచ్చి ఉండొచ్చు. గుండీ పెట్టేది వేళ్లు కదా! అందుకే మొత్తం అంకె కాదు, ఏ భాగంలో ఎంత పెరిగిందో రాసిమ్మని అడగండి. చాలామంది అడగరు, చికిత్స చేసే మేమూ విడమరిచి చెప్పం. తప్పు మాదే.

ఇంట్లో మీరూ ఒకటి గమనించొచ్చు. నాన్నగారిని కుర్చీలో వీపు ఆనించి కూర్చోబెట్టి, ఎదురుగా బల్ల మీద ఖాళీ గ్లాసు పెట్టి అందుకోమనండి. నడుము ముందుకు వంచి అందుకుంటున్నారా? చెయ్యి ఎత్తగానే భుజం చెవిదాకా లేచి, మోచెయ్యి ముడుచుకుని, వేళ్లు పిడికిలి పడుతున్నాయా? అయితే మెదడు ఇంకా కండరాలను విడివిడిగా ఆడించలేక అన్నిటినీ ఒకే కట్టగా లాగుతోందన్నమాట. గ్లాసు అందింది కదా అని సంబరపడితే ఆ తప్పుడు తీరే అలవాటవుతుంది. పదిహేను రోజులకోసారి ఫోన్‌లో వీడియో తీసి ఫిజియోకు చూపించండి.

మొదటి మూడు నెలల్లో వచ్చినంత వేగం ఇక రాకపోవచ్చు, కానీ ఆగిపోదు. వేళ్లు కొద్దిగానైనా తెరుచుకుంటుంటే చింతగింజలు ఏరడం, తువ్వాలు మడవడం లాంటివి కుడి చేత్తోనే చేయించండి. ఎడమ చెయ్యి అన్నీ చేసేస్తే కుడి చెయ్యి నేర్చుకోదు. లేపేటప్పుడు మాత్రం ఆ చెయ్యి పట్టుకుని లాగకండి. భుజం కీలు జారుతుంది, ఆ నొప్పితో వ్యాయామమే మానేస్తారు.

పావురం మాంసంతో చెయ్యి వస్తుందనడానికి ఆధారం లేదు. దాన్ని నమ్ముకుని బీపీ మాత్రలు, డాక్టరు రాసిన మిగతా మందులు మానేస్తే మళ్లీ పక్షవాతం రావొచ్చు. మూతి వంకర పోయినా, మాట తడబడినా, చెయ్యి ఉన్నట్టుండి ఇంకా బలహీనపడినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. మెదడు రక్తనాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు, లక్షణాలు మొదలైనప్పటి నుంచి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు.