కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లతో ఇండస్ట్రియల్ టెక్నాలజీ డిగ్రీ: తమ్ముడి కొడుక్కి ఒక లేఖ

కేరీ, నార్త్ కరోలినా

చిరంజీవి సాకేత్‌కు,

పెదనాన్న ఆశీస్సులు. మెకట్రానిక్స్‌లో, అంటే యంత్రాలూ ఎలక్ట్రానిక్స్ నియంత్రణా కలిపిన చదువులో, నీ రెండేళ్ల అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్ డిగ్రీ వచ్చే మే నెలతో ముగుస్తుందనీ, ఆ పైన ఇండస్ట్రియల్ టెక్నాలజీలో బ్యాచిలర్స్ చేయాలని నీకు ఉందనీ, కానీ కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లు యూనివర్సిటీలో చెల్లవని ఎవరో అనగా విని దిగులు పడుతున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. ప్లాంటులో మెయింటెనెన్స్ విభాగం చూసినన్నాళ్లూ నా దగ్గర పనిచేసిన టెక్నీషియన్లలో చాలామంది షిఫ్టులు చేసుకుంటూనే ఈ దారిలో డిగ్రీ పూర్తి చేశారు. వాళ్ల ట్రాన్‌స్క్రిప్టులూ (చదివిన కోర్సులూ గ్రేడులూ ఉండే పత్రాలు), యూనివర్సిటీ పంపిన క్రెడిట్ల లెక్కలూ పక్కన కూర్చుని చదివినవాణ్ని కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నీవు విన్నది పూర్తిగా అబద్ధం కాదు. మన రాష్ట్రంలో కమ్యూనిటీ కాలేజీలకూ, యు.ఎన్.సి. (యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా) వ్యవస్థలోని 16 యూనివర్సిటీలకూ మధ్య 1997 నుంచి క్రెడిట్ల బదిలీకి ఒక సమగ్ర ఒప్పందం అమల్లో ఉంది. 2014లో దాన్ని సవరించారు. అసోసియేట్ ఇన్ ఆర్ట్స్ గానీ, అసోసియేట్ ఇన్ సైన్స్ గానీ నిబంధనల ప్రకారం పూర్తి చేసిన విద్యార్థి ఆ ఒప్పందం కింద 60 క్రెడిట్లతో నేరుగా మూడో ఏట చేరవచ్చు. నీది ఆ రెండూ కాదు, అప్లైడ్ సైన్స్. ఆ ఒప్పందం రక్షణ నీ డిగ్రీకి మొత్తంగా వర్తించదు. రేపు నీవు మనసు మార్చుకుని మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరతానంటే, నీకు మాట చెప్పిన ఆ పెద్దమనిషి అన్నట్టే జరుగుతుంది, పి.ఎల్.సి. (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటరు) ప్రోగ్రామింగ్, హైడ్రాలిక్స్, మెషీన్ షాపు కోర్సులు ఎన్ని చదివినా అవి క్యాల్‌క్యులస్‌కూ, స్టాటిక్స్‌కూ బదులు కావు.

ఇండస్ట్రియల్ టెక్నాలజీ సంగతి వేరు. గ్రీన్‌విల్‌లోని ఈస్ట్ కరోలినా యూనివర్సిటీ నడిపే ఇండస్ట్రియల్ టెక్నాలజీ బి.ఎస్. నీలాగా అప్లైడ్ సైన్స్ పూర్తి చేసి వచ్చేవారి కోసమే రూపొందింది. అక్కడ నీ సాంకేతిక కోర్సులు డిగ్రీకి పునాదిగా లెక్కకు వస్తాయి, వాటి మీద మేనేజ్‌మెంటు, నాణ్యత, ఉత్పత్తి ప్రణాళిక వంటి పై తరగతి కోర్సులు చదువుతావు. మన ఊళ్లో పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాడు ఈసెట్ రాసి బి.టెక్. రెండో ఏట చేరినట్టే ఇదీ అనుకో. తేడా ఏమిటంటే, అక్కడ ర్యాంకు వచ్చి సీటు దొరికితే మొదటి ఏడాది గురించి ఎవరూ అడగరు. ఇక్కడ ప్రతి కోర్సునూ విడివిడిగా తూచి చూస్తారు. అందుకని నీ మెకట్రానిక్స్ ఏ ప్రత్యేక విభాగానికి సరిపోతుందో అక్కడి ట్రాన్స్‌ఫర్ అడ్వైజరును ఇప్పుడే అడుగు. నా ఉద్దేశంలో ఉత్పత్తి వ్యవస్థలకు సంబంధించిన విభాగం నీకు సహజంగా కుదురుతుంది. అసోసియేట్ డిగ్రీ పూర్తిగా చేతికి రాకముందు మాత్రం కాలేజీ మారవద్దు. నాలుగు కోర్సులు మిగిలి ఉండగా తొందరపడి వెళ్లినవాడికి ఈ ఏర్పాటులో చోటు ఉండదు.

అసలు చిక్కు ఎక్కడ వస్తుందో ఇప్పుడు జాగ్రత్తగా చదువు. యూనివర్సిటీ నుంచి నీ 68 క్రెడిట్లను స్వీకరించామని ఉత్తరం రాగానే చాలామంది పండగ చేసుకుంటారు. స్వీకరించడం ఒకటి, డిగ్రీలో సర్దడం మరొకటి. బ్యాచిలర్స్‌కు కావలసిన 120 క్రెడిట్లకు అరలు ఉంటాయి: సాధారణ విద్యకు ఒకటి, ప్రధాన విషయానికి ఒకటి, ప్రత్యేక విభాగానికి ఒకటి, మిగిలిన ఐచ్ఛిక కోర్సులకు ఒకటి. నీ కోర్సు ట్రాన్‌స్క్రిప్టు మీదకు ఎక్కి కూడా ఐచ్ఛికాల అరలో పడి ఊరుకోవచ్చు. ఆ అర నిండిపోయాక పడిన క్రెడిట్లు కాగితం మీద కనిపిస్తాయే గాని నీ చదువును ఒక్క రోజు కూడా తగ్గించవు. కనుక ఎన్ని తీసుకున్నారని అడగకు. ఏ కోర్సు ఏ అరలోకి వెళ్లింది, ఇంకా నేను చదవవలసినవి ఏవి అని అడుగు. దానికి డిగ్రీ ఆడిట్ అనే పట్టిక ఇస్తారు. ఫీజు కట్టకముందే అది తెప్పించుకుని ఒక్కొక్క వరుసా చూడాలి.

ఆ పట్టికలో ఎక్కువగా ఖాళీలు కనిపించేది సాధారణ విద్య దగ్గర. అప్లైడ్ సైన్స్ డిగ్రీలో 64 నుంచి 76 దాకా క్రెడిట్లు ఉన్నా, అందులో సాధారణ విద్య కనీసం 15 క్రెడిట్లుంటే చాలు. బ్యాచిలర్స్‌కు అది సుమారు 40 కావాలి. ఈ లోటును ఎక్కడ, ఏ కోర్సులతో పూడుస్తావన్నదే నీ ఖర్చునూ కాలాన్నీ నిర్ణయిస్తుంది. లెక్కల సంగతే తీసుకో. నీ ప్రోగ్రాములో మ్యాట్ 121 చదివితే సరిపోతుంది. అది బీజగణితం, త్రికోణమితి కలిపిన సాంకేతిక కోర్సు, మంచిదే, కానీ బదిలీ ఒప్పందం జాబితాలో లేదు. దాని బదులు మ్యాట్ 171 చదివావనుకో, అది 16 యూనివర్సిటీల్లోనూ సాధారణ విద్య గణితంగా చెల్లుతుంది. కాలేజీ అదే, క్రెడిట్‌కు ఫీజూ అదే. విలువ మాత్రం వేరు. 121 ఇప్పటికే అయిపోయి ఉంటే విచారించకు, రాబోయే సెమిస్టరులో 171 కూడా తీసుకో. ఇంగ్లిష్ 111 తరువాత 112, ప్రసంగ కళకు కమ్యూనికేషన్ 231, సైకాలజీ 150, ఎకనామిక్స్ 251 వంటివన్నీ ఎక్కడికి వెళ్లినా చెల్లే జాబితాలో ఉన్నవే. ఒక్క షరతు: ప్రతిదానిలోనూ కనీసం సి గ్రేడు రావాలి. డి వచ్చిన కోర్సుకు కట్టిన ఫీజు బదిలీ వరకు నీళ్లలో పోసినట్టే.

వీటిని నీ కమ్యూనిటీ కాలేజీలోనే ముగించమని చెప్పడానికి కారణం డబ్బు. రాష్ట్ర నివాసులకు అక్కడ కొన్నేళ్లుగా క్రెడిట్‌కు 76 డాలర్లే తీసుకుంటున్నారు. అయితే దీనికీ హద్దు ఉంది. డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీలోనే కనీసం నాలుగో వంతు, అంటే 120లో 30 క్రెడిట్లు, చదవాలని దక్షిణాది రాష్ట్రాల అక్రెడిటేషన్ సంస్థ నిబంధన. పైగా మూడు, నాలుగు ఏళ్ల స్థాయి కోర్సులను కమ్యూనిటీ కాలేజీ కోర్సులతో పూడ్చలేవు. రెండేళ్ల కాలేజీ నుంచి గరిష్ఠంగా ఎన్ని క్రెడిట్లు తీసుకుంటారో కూడా ముందే అడిగి ఉంచుకో.

ఏది అడిగినా ఈమెయిలులో అడుగు, జవాబు దాచుకో. అడ్వైజర్లు మంచివాళ్లే, కానీ మారిపోతూ ఉంటారు. ఫోనులో ఇచ్చిన మాటకు ఆరు నెలల తరువాత సాక్ష్యం ఉండదు. చదివిన ప్రతి కోర్సు సిలబస్‌నూ పి.డి.ఎఫ్.గా భద్రపరచుకో, వారాలవారీ పాఠ్యాంశాలు, పుస్తకం పేరు, ల్యాబు గంటలు అందులో ఉండాలి. మా విభాగంలో ఒక కుర్రవాడి మోటార్ కంట్రోల్స్ కోర్సును ఒక యూనివర్సిటీ మొదట వట్టి ఐచ్ఛికంగా రాసుకుంది. అతను సిలబస్‌తో పాటు ల్యాబులో గీసిన ల్యాడర్ డయాగ్రాములు (మోటారు నియంత్రణ సర్క్యూట్ల పటాలు) కూడా జతచేసి పునఃపరిశీలన కోరగా, ప్రొఫెసర్ చూసి ప్రధాన విషయం అరలోకి మార్పించాడు. అడగడానికి మొహమాటపడి ఉంటే మూడు క్రెడిట్ల ఫీజు మళ్లీ కట్టవలసి వచ్చేది.

ఇక మీ ఇంట్లో ఎవరూ నోరెత్తి మాట్లాడని సంగతి ఒకటి ఉంది. నీవు హెచ్-4 మీద, అంటే తల్లిదండ్రుల ఉద్యోగ వీసాపై ఆధారపడిన వీసా మీద, ఉన్నావు, గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు, 21 నిండితే ఆ హోదా ఉండదు. అప్పుడు ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారవలసి వస్తే రెండు మార్పులు వస్తాయి. రాష్ట్ర నివాసి ఫీజు సాధారణంగా దక్కదు. అంతకన్నా ముఖ్యం, ఎఫ్-1 విద్యార్థి సెమిస్టరుకు కనీసం 12 క్రెడిట్లు చదవాలి, అందులో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే, అంటే 3 క్రెడిట్లు మాత్రమే, లెక్కకు వస్తుంది. ఉద్యోగస్తులకు అనువుగా ఉండాలని ఇటువంటి డిగ్రీలను ఎక్కువగా ఆన్‌లైన్‌లో నడుపుతారు. అమెరికన్ పిల్లలకు వరమైనదే నీకు అడ్డం కావచ్చు. కాబట్టి దరఖాస్తుకు ముందే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో, నీకు కావలసిన కోర్సుల్లో తరగతి గదిలో చెప్పేవి సెమిస్టరుకు ఎన్ని ఉంటాయో కనుక్కో. చాలినన్ని లేకపోతే వేరే క్యాంపస్ వెతకాలి. నీ వయసు లెక్క ఏ తేదీకి ఎలా వస్తుందో మాత్రం ఇమ్మిగ్రేషన్ న్యాయవాదినే అడగండి, దేవాలయంలో కలిసినవారిని కాదు.

వేరే యూనివర్సిటీ చూడవలసి వస్తే అది ప్రాంతీయ గుర్తింపు ఉన్నదో లేదో మొదట చూడు. ప్రోగ్రాముకు విడిగా ఆట్మే సంస్థ గుర్తింపు ఉంటే మరీ మంచిది. 1967లో జాతీయ ఇండస్ట్రియల్ టెక్నాలజీ సంఘంగా మొదలైన సంస్థ అది. వారానికో ఫోను చేసి, అన్ని క్రెడిట్లూ తీసుకుంటాం, రేపే చేరిపో అని తొందరపెట్టే చోటికి వెళ్లకు.

వసంత సెమిస్టరు రిజిస్ట్రేషన్ తెరిచిన మొదటి రోజే మ్యాట్ 171లో సీటు పట్టుకో, సాయంత్రం సెక్షన్లు త్వరగా నిండిపోతాయి. నీ ట్రాన్‌స్క్రిప్టు నకలు ఒకటి నాకు పంపు. శనివారం భోజనానికి రా, ఆడిట్ పట్టికతో పక్కపక్కన పెట్టి వరుసలవారీగా చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న