ప్రశ్న–జవాబు: బార్క్‌లీ కోట, 192 ఏళ్ల దావా

గత నెల ఈ శీర్షికలో వారసత్వపు దావాల గురించి రాస్తూ, ఇంగ్లండులో బార్క్‌లీ అనే ప్రభు కుటుంబంలో పుట్టిన భూమి తగాదా 192 ఏళ్లు నడిచిందని ఒక్క వాక్యంలో ప్రస్తావించాను. ఆ ఒక్క వాక్యానికే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. వాటిలో నాలుగింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: 192 ఏళ్లన్నది అచ్చుతప్పు కాదు కదా? మా నాయన పిల్లలకూ మా పెదనాయన పిల్లలకూ మధ్య 3 ఎకరాల 12 గుంటల మీద దావా పడి 31 ఏళ్లయింది. దాన్నే ఊళ్లో వింతగా చెప్పుకుంటారు. అసలు ఆ తగాదా ఎక్కడ మొదలైంది? (విశ్రాంత ఉద్యోగి, హనుమకొండ)

జవాబు: అచ్చుతప్పు కాదు. 1417లో మొదలై 1609లో తీర్పుతో ముగిసింది. బార్క్‌లీ కోట ఇంగ్లండు పడమటి భాగంలో, బ్రిస్టల్ నగరానికి ఉత్తరాన, సెవర్న్ నదికి దగ్గరలో గ్లోస్టర్‌షైర్‌లో ఉంది. గద్దె దిగిన రాజు రెండవ ఎడ్వర్డును 1327లో బందీగా ఉంచిన కోట ఇదే. ఆయన అక్కడే చనిపోయాడు. (అమెరికాలోని విశ్వవిద్యాలయాన్ని బర్క్‌లీ అంటాం గాని, ఇంగ్లండులో ఈ ఊరినీ కుటుంబాన్నీ బార్క్‌లీ అనే పిలుస్తారు. అచ్చుతప్పు ఎంచదలచినవారికి అది పనికొస్తుంది.)

తగాదాకు మూలం 1349 నాటి ఒక దస్తావేజు. ఆనాటి బార్క్‌లీ ప్రభువు థామస్, కోటనూ దానికి అంటిన మేనర్లనూ తన తర్వాత మగ సంతతికే, వారి మగ సంతతికే చెందేటట్టు కట్టుబాటు చేసి రాశాడు. మేనరు అంటే ఒక దొర చేతికింద ఉండే ఊరు, పొలాలు, గడ్డి బీళ్లు, మర, ఆ ఊరి చిన్న కోర్టు అన్నీ కలిసిన ఎస్టేటు. ఇలా రాసి ఇచ్చినవాడి షరతును తరువాతి తరాలు మీరరాదని 1285లో ఇంగ్లండులో చట్టమే వచ్చింది కాబట్టి, ఆ కాగితానికి బలం ఉంది.

1417లో అదే పేరున్న మరొక థామస్ ప్రభువు కొడుకులు లేకుండా చనిపోయాడు. ఉన్నది ఒక్కతే కూతురు, ఎలిజబెత్; ఆమె భర్త, వారిక్ ఎర్ల్ అనే బిరుదున్న రిచర్డ్ బీచమ్, ఆ కాలపు ఇంగ్లండులో మిక్కిలి బలవంతులైన ప్రభువులలో ఒకడు. మరోవైపు చనిపోయినవాడి తమ్ముడి కొడుకు జేమ్స్ ఉన్నాడు. దేశంలో సాధారణంగా నడిచే వారసత్వ న్యాయం ప్రకారం కూతురిది హక్కు. 1349 కాగితం ప్రకారం కోటా దాని మేనర్లూ జేమ్స్‌వి. అల్లుడు మాత్రం ఎవరి వాదనా వినకుండా కోటలో తన మనుషులను దించాడు. కుటుంబపు దస్తావేజుల పెట్టెలు ఉన్నది కూడా ఆ కోటలోనే. అంటే జేమ్స్‌కు అనుకూలమైన కాగితం జేమ్స్‌కు ఎదురునిలిచినవాడి చేతిలో పడింది. పట్టా ఒకరిది, కబ్జా ఒకరిది అని మనం అనేది ఇదే. ఇక్కడ పట్టా కాగితం కూడా కబ్జాలో పోయింది.

జేమ్స్, రాజు తమ్ముడైన గ్లోస్టర్ డ్యూక్ హంఫ్రీకి 1,000 మార్కులు ఇస్తానని ఒప్పుకుని ఆయన అండ సంపాదించాడు. మార్కు నాణెం కాదు, పౌనులో మూడింట రెండు వంతులకు సమానమైన లెక్క. కొన్నేళ్లకు కోట జేమ్స్‌కు దక్కింది. వొటన్ వంటి కొన్ని మేనర్లు మాత్రం వారిక్ చేతిలోనే ఉండిపోయాయి. ఆ మిగిలిన ముక్క కోసమే తరువాతి తరాలన్నీ కొట్టుకున్నాయి. మీ 3 ఎకరాల 12 గుంటల సంగతి ఇక్కడ కూర్చుని తేల్చలేను గాని, మీరు ఉత్తరంతో పంపిన జిరాక్సులను బట్టి చూస్తే మీ తగాదా కూడా మొత్తం భూమి మీద కాదు, పంపకంలో గెట్టు వేయకుండా వదిలిన ఆ 12 గుంటల మీదే అనిపిస్తున్నది. సర్వేయరును మోఖా మీదికి పిలిపించి కొలత వేయించారా? అది ముందు చూసుకోండి.

ప్రశ్న: ఒక్కతే బిడ్డ ఉండగా తమ్ముడి కొడుక్కి ఆస్తి పోవడం ఏమి న్యాయం? మన ఓరుగల్లులో రుద్రమదేవి అంతకు ముందే రాజ్యమేలింది కదా! (డిగ్రీ విద్యార్థిని, జనగామ)

జవాబు: మీ కోపం సబబైనదే, అయితే అది ఇంగ్లండు న్యాయం మీద కాక ఆ 1349 కాగితం మీద ఉండాలి. కొడుకులు లేనప్పుడు ఆస్తి కూతురికే వచ్చేది, తమ్ముడికో తమ్ముడి కొడుక్కో కాదు. కూతుళ్లు ఎందరుంటే అందరికీ సమాన వాటాలు. మగపిల్లలుంటే మాత్రం పెద్దకొడుకే అంతా ఎత్తుకుపోయేవాడు. అది వేరే అన్యాయం. తన ఇంటిపేరు, కోట, భూమి మూడూ విడిపోకుండా ఉండాలని కోరుకున్న తండ్రులు మగ సంతతి కట్టుబాటును రాసి, కూతురికి సహజంగా వచ్చే హక్కును ముందే తీసివేసేవారు. ఈ పద్ధతికి దారి ఇచ్చిన 1285 చట్టం వచ్చేనాటికి ఓరుగల్లు గద్దె మీద ఉన్నది రుద్రమదేవే. గణపతిదేవునికి కొడుకులు లేకపోగా కూతురు రాజ్యానికి వచ్చింది. ఆమె తరువాత ఆమె బిడ్డ ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు వచ్చాడు. రాజ్యం వేరు, పొలం వేరు. అప్పటి మన మామూలు ఇళ్లలో బిడ్డలకు భూమిలో వాటా దక్కిందని రుద్రమదేవిని చూపి చెప్పలేము. ఉమ్మడి ఆస్తిలో బిడ్డకు పుట్టుకతో హక్కు అన్నది మనకు చట్టంగా వచ్చింది 1985 సెప్టెంబరు 5 నుండే.

విచిత్రమేమిటంటే, ఆడవాళ్లను తప్పించడానికి రాసిన ఆ కాగితం పేరిట జరిగిన పోరాటాన్ని రెండు వైపులా నడిపింది ఆడవాళ్లే. వారిక్ 1439లో చనిపోయాక అతని ముగ్గురు కూతుళ్లు హక్కుదారులుగా నిలబడ్డారు. వారిలో పెద్దది మార్గరెట్, జాన్ టాల్బట్ అనే పేరుమోసిన సేనాని భార్య, ష్రూస్‌బరీ కౌంటెస్. ఇటు జేమ్స్ భార్య ఇసబెల్. మార్గరెట్ పంపిన మనిషి ఒకడు సమను పట్టుకుని బార్క్‌లీకి వస్తే, జేమ్స్ వాణ్ని కొట్టించి ఆ తోలుకాగితాన్నీ దాని మీది మైనపు ముద్రనూ వాడిచేతనే తినిపించాడు. సమను తీసుకోవడానికి నిరాకరిస్తే ఇంటి తలుపుకు అంటించి పోవడం మనకు తెలుసు. తినిపించడం నేను మరెక్కడా వినలేదు.

ఇసబెల్ సంగతి మాత్రం నవ్వి వదిలేది కాదు. భర్త కోటలో కావలి కాస్తుంటే ఆమె లండన్‌లో ఉండి పెద్దమనుషుల చుట్టూ తిరుగుతూ వ్యాజ్యం చూసుకునేది. అక్కడి నుండి భర్తకు రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది. తాను లేకుండా ఎవరితోనూ రాజీ మాటలు ఆడవద్దని హెచ్చరించి, వెంటనే డబ్బు పంపకపోతే గుర్రాన్ని తాకట్టు పెట్టి కాలినడకన ఇంటికి రావలసి వస్తుందని అందులో రాసింది. జిల్లా కోర్టు ముందు చెట్టుకింద టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని వాయిదా కోసం ఎదురుచూసే మన పల్లెటూరి ఇల్లాలిని ఎప్పుడు చూసినా నాకు ఈ ఉత్తరమే గుర్తుకు వస్తుంది. 1451లో ఒక నౌకరును లంచంతో లోబరచుకుని, తెల్లవారుజామున కోట తలుపు తీయించి, టాల్బట్ పక్షంవారు జేమ్స్‌నూ అతని కొడుకులనూ పట్టుకున్నారు. మార్గరెట్ ఇసబెల్‌ను గ్లోస్టర్‌లో నిర్బంధించింది. 1452లో ఇసబెల్ ఆ చెరలోనే చనిపోయింది.

ప్రశ్న: భూమి కోసం ప్రభువులు సైన్యాలతో కొట్టుకుంటుంటే రాజు ఏం చేశాడు? (ఉపాధ్యాయుడు, ములుగు)

జవాబు: రాజుకు తీరిక లేదు. 1470 మార్చి 12న నాలుగవ ఎడ్వర్డు లింకన్‌షైర్‌లో తిరుగుబాటును అణచి, దాని వెనుక ఉన్న పెద్ద ప్రభువుల వెంట పడ్డాడు. సరిగ్గా ఆ వారంలోనే మార్గరెట్ మనుమడు, 20 ఏళ్లు నిండీ నిండని, లైల్ విస్కౌంట్ అనే బిరుదున్న థామస్ టాల్బట్, జేమ్స్ కొడుకు విలియమ్‌కు మార్చి 19న సవాలు రాశాడు: ఫిరంగుల బళ్లు పెట్టుకుని కోటలో దాక్కోవడమేల, ఇద్దరికీ నడుమ ఎక్కడైనా కలుద్దాం, రోజు చెప్పు అని. రేపే, నిబ్లీ గ్రీన్‌లో, పొద్దున ఎనిమిది తొమ్మిది గంటలకు రమ్మని విలియమ్ అదే రోజు జవాబు పంపాడు. మరునాడు లైల్ ముఖానికి బాణం తగిలి పడిపోయాడు. దగ్గరికి వచ్చి బాకుతో పొడిచి చంపారు. రెండు పక్షాలలో కలిపి 150 మంది దాకా చనిపోయారంటారు. విలియమ్ మనుషులు అక్కడినుండి నేరుగా వొటన్‌లోని లైల్ ఇంటి మీదికి పోయి దోచుకున్నారు. గర్భవతిగా ఉన్న అతని భార్యకు ఆ రోజుల్లోనే గర్భం పోయింది. ఇంగ్లండులో ఇద్దరు ప్రభువులు సొంత మనుషులతో చేసిన చివరి యుద్ధంగా దీన్ని చెబుతారు.

గెలిచిన విలియమ్ చేసిన పని చూడండి. తమ్ముడు మారిస్ బ్రిస్టల్ వర్తకుల ఇంటి పిల్లను పెళ్లాడి తమ స్థాయి తగ్గించాడని కోపం పెట్టుకుని, బిరుదుల కోసం ఆస్తిని రాజకుటుంబానికి ఒడ్డాడు. మార్క్విస్ బిరుదు అందుకుని 1492లో చనిపోయేనాటికి కోటను ఏడవ హెన్రీకీ ఆయన మగ సంతతికీ రాసిచ్చాడు. తాతముత్తాతలు ఏ మగ సంతతి కట్టుబాటుతో కోటను కాపాడాలనుకున్నారో అదే మాట వాడి దాన్ని ఇంటికి దూరం చేశాడు. ఏడవ హెన్రీ మగ వంశం 1553లో ఆరవ ఎడ్వర్డుతో ఆగిపోయింది గనుక కోట తిరిగి మారిస్ సంతతికి వచ్చింది. లైల్ వారసులు వొటన్ మొదలైన వాటి మీద వేసిన వ్యాజ్యం మరో అర్ధ శతాబ్దం నడిచి, 1609లో హెన్రీ బార్క్‌లీ ప్రభువుకు అనుకూలంగా తీరింది. ఈ కుటుంబం నేటికీ ఆ కోటలోనే ఉంది.

ప్రశ్న: దొరల కథ సరే. పొలం దున్నేవాడు శిస్తు ఏ దొరకు కట్టాడు? మా ముత్తాత కౌలు భూమి గురించి ఇదే ప్రశ్న మా ఇంట్లో ఇప్పటికీ తెగలేదు. (రైతు, పరకాల)

జవాబు: ఈ ఉత్తరం అన్నిటికంటే చివర వచ్చినా, అడగవలసిన ప్రశ్న ఇదే. ముందు వచ్చి పశువులను తోలుకుపోగలిగినవాడికి కట్టాడు. కౌలు బాకీ ఉందని దొర భావిస్తే కౌలుదారు ఎడ్లనూ ఆవులనూ జప్తు చేసి బందెల దొడ్డిలో పెట్టించే అధికారం ఇంగ్లండు చట్టంలోనే ఉండేది. కక్ష తీర్చుకోవడానికి జప్తు చేయరాదనీ, పట్టిన పశువులను మరో జిల్లాకు తోలరాదనీ 1267లో మార్ల్‌బరో చట్టంలో రాసుకోవలసి వచ్చిందంటే, అంతకు ముందు ఏం జరిగేదో ఊహించవచ్చు. దొర ఒక్కడే అయితే ఒకసారి కట్టి ఊపిరి పీల్చుకోవచ్చు. ఇద్దరు దొరలు మాది అంటే మాదని వచ్చినప్పుడు ఒకరికి కట్టిన రసీదు రెండవవాడి దగ్గర చెల్లదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు పొలం మీది పంటను విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోబోయిన కథ విని పెరిగిన మనకు, కల్లం దగ్గర బలమే హక్కుగా మారే సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

రైతుకు ఉన్న ఒక్క ఆధారం మేనరు కోర్టు. ఏ పొలం ఎవరు దున్నుతున్నారో, తండ్రి పోయాక కొడుకు పేరు ఎప్పుడు ఎక్కిందో, ఎంత రుసుము కట్టాడో అక్కడి గుమస్తా తోలుచుట్ట మీద రాసి, ఆ పద్దుకు నకలు తీసి రైతుకు ఇచ్చేవాడు. తరువాతి కాలంలో రాజు కోర్టులు కూడా ఆ నకలును మన్నించి, దొర మారినా నకలు ఉన్న రైతును లేపరాదని చెప్పసాగాయి. మన దగ్గర 1954–55 ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డులో పేరుందా, రక్షిత కౌలుదారుకు యాజమాన్య హక్కు ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్ ఉందా అని అడిగినట్టే అక్కడ ‘నకలు ఏదీ?’ అని అడిగేవారు. మీ ముత్తాత పేరు రక్షిత కౌలుదారుల రిజిస్టరులో ఎక్కిందేమో చూడండి. ఎక్కి ఉంటే శిస్తు రసీదుల కంటే అదే ముఖ్యం. నకలు చేతిలో ఉన్నందువల్ల భూమి తనదైన రైతు అనే వర్గం ఇంగ్లండు చట్టంలో 1926 జనవరి 1న గాని రద్దు కాలేదు.