మోడల్ విమానపు పాత రేడియో సెట్టును మార్చేటప్పుడు ఖర్చు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మా మామయ్య అమెరికా నుంచి తెచ్చిన నాలుగు ఛానెళ్ల (నాలుగు కదలికలను నడిపే) 72 మెగాహెర్ట్జ్ రేడియో కంట్రోల్ సెట్టు, గ్లో ఇంజన్ బిగించిన బాల్సా చెక్క శిక్షణ విమానం నా దగ్గర ఉన్నాయి. ఫ్రీక్వెన్సీని నిర్ణయించే క్రిస్టల్ మారిస్తే చాలునని ఒకరు, రెక్కల పలకలను, థ్రాటిల్‌ను కదిపే చిన్న మోటార్లయిన సర్వోలతో సహా అన్నీ మార్చమని మరొకరు అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: క్రిస్టల్ మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. అదే బ్యాండులో ఒక ఫ్రీక్వెన్సీ ఛానెల్ నుంచి మరో ఛానెల్‌కు జరుగుతారు, అంతే. మైదానంలో మరొకరు అదే ఛానెల్ మీద స్విచ్ వేస్తే మీ విమానం చేయి దాటిపోయే ప్రమాదం ఎప్పటిలాగే ఉంటుంది. చేతిలో పట్టుకునే ట్రాన్స్‌మిటర్, విమానంలో ఉండే రిసీవర్ రెండింటినీ 2.4 గిగాహెర్ట్జ్‌కు మార్చుకోండి. నిర్ణీత శక్తి మించనంతవరకు ఆ బ్యాండును మన దేశంలో 2005 నుంచి లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. ఒకసారి బైండ్ చేశాక, అంటే రెండింటినీ జత కలిపాక, రిసీవర్ తన ట్రాన్స్‌మిటర్ మాటే వింటుంది. అయితే ఫుటాబా, స్పెక్ట్రమ్, ఫ్లైస్కై వంటి కంపెనీల పద్ధతులు వేరువేరు కనుక రెండూ ఒకే పద్ధతివి కొనండి.

సర్వోలను పారేయనక్కరలేదు. సుమారు 1.5 మిల్లీసెకన్ల పల్సును మధ్యస్థానంగా తీసుకునే ఆ పాత సర్వోలు కొత్త రిసీవర్‌తోనూ పనిచేస్తాయి. కొన్ని పాత కంపెనీల ప్లగ్గుల్లో మాత్రం తీగల వరుస వేరుగా ఉంటుంది. పాజిటివ్ తీగ మధ్యలో ఉందో లేదో చూసుకోకుండా గుచ్చవద్దు.

మిగిలిన డబ్బు బ్యాటరీ మీద పెట్టండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. పాత ఎఫ్ఎం రిసీవర్ వోల్టేజీ కాస్త తగ్గినా ఎలాగోలా నెట్టుకొచ్చేది. 2.4 రిసీవర్ లోపల చిన్న కంప్యూటరే ఉంటుంది కాబట్టి, సర్వోలన్నీ ఒక్కసారిగా కదిలి వోల్టేజీ కనీస స్థాయికన్నా పడిపోతే అది ఆగి మళ్లీ మొదలవుతుంది, ఆ కొన్ని క్షణాలూ విమానానికి దిక్కుండదు. పాత నాలుగు సెల్లుల నికెల్ కాడ్మియం ప్యాక్‌ను తీసేసి, మీ సర్వోలు 6 వోల్టులకు తట్టుకునేవైతే, ఐదు సెల్లుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్ పెట్టండి. నేల మీదే స్టిక్కులన్నీ కలిపి గబగబా తిప్పుతూ వోల్ట్‌మీటర్ చూస్తే ముల్లు ఎంత పడుతోందో తెలిసిపోతుంది.

72 మెగాహెర్ట్జ్ రిసీవర్‌కు సుమారు మీటరు పొడవు తీగ వేలాడేది. ఇప్పుడు యాంటెన్నా చివరన పైతొడుగు లేని 31 మిల్లీమీటర్ల మేరే అసలు పని చేస్తుంది. దాన్ని వంచవద్దు, కత్తిరించవద్దు, బ్యాటరీకీ కార్బన్ ఫైబర్‌కూ ఆనించవద్దు. యాంటెన్నాలు రెండు ఉంటే ఒకదానికొకటి లంబంగా అమర్చండి. ఈ తరంగాలు నీరు నిండిన ఆకుల గుబురులో బాగా బలహీనపడతాయి కనుక, మీ వైపు మామిడి తోటల వెనక్కి విమానాన్ని పోనివ్వకండి.

ఎగరేసే ముందు సిగ్నల్ ఎంత దూరం అందుతోందో చూసే రేంజ్ టెస్ట్ చేయండి. ఇంజన్ ఆపి ఉంచి, ట్రాన్స్‌మిటర్ స్విచ్ కట్టేసినప్పుడు సర్వో థ్రాటిల్‌ను పూర్తిగా మూసేలా ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ తెగితే సర్వో తనంతట తానే వెళ్లాల్సిన స్థితి) పెట్టండి. తిరుపతి వైపు ఎగరేయదలిస్తే, రేణిగుంట విమానాశ్రయం దగ్గర ఆంక్షలున్నాయి కనుక, డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాప్‌లో మీ మైదానం ఏ జోన్‌లో పడుతోందో ముందుగా చూసుకోండి.