లింక్ సెంటర్‌లో చేరిన అమ్మాయికి

తల్లీ, పర్లాకిమిడి వైపు హెచ్ఐవీ మందులిచ్చే లింక్ ఏఆర్‌టీ సెంటర్‌లో చేరావని మీ అమ్మ చెప్పింది. బరంపురంలో ఏళ్ల తరబడి కౌన్సెలర్‌గా చేసినదాన్ని కదా, నువ్వు అడక్కపోయినా చెప్తున్నా, విసుక్కోకు.

సర్కారు 2004 నుంచి ఈ మందులు ఊరికే ఇస్తోంది. 2017 నుంచైతే రోగనిరోధక శక్తిని చెప్పే సీడీ4 కణాలు ఎన్నున్నాయని కూడా చూడకుండా, పాజిటివ్ అని తేలగానే మొదలుపెడుతున్నారు. అయినా మధ్యలో మానేసేవాళ్లున్నారంటే బస్సు ఛార్జీకి, పోయే ఒకరోజు కూలికి, క్యూలో పక్కూరివాడు చూస్తాడేమోనన్న భయానికి. అందుకే ఎవరొచ్చినా ముందు రిపోర్టు అడక్కు. ఎలా వచ్చావు, మళ్లీ సూరత్ ఎప్పుడు వెళ్తావు అని అడుగు. మన గంజాం కుర్రాళ్లు మగ్గాల పనికి పోతారు, పండక్కొచ్చి సరిగ్గా రైలెక్కే ముందురోజు నీ దగ్గరికొస్తారు. కుదురుగా వాడుతూ వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, అణిగి ఉన్నవాళ్లకి రెండు మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వొచ్చు, డాక్టరుగారిని అడిగి ఇప్పించు. అక్కడే ఉండిపోయేవాడికి ట్రాన్స్‌ఫర్ రాయించు, రాయించి ఊరుకోకుండా అక్కడ చేరాడో లేదో ఫోన్ చేసి కనుక్కో, లేకపోతే ఆ మనిషి ఇక్కడి లెక్కలోనూ ఉండడు, అక్కడి లెక్కలోనూ ఉండడు.

ఇప్పుడు చాలామందికి రోజుకి ఒక్క మాత్రే. కానీ అత్తగారి కంట పడకూడదని ఆడవాళ్లు కాగితంలో పొట్లం కట్టి బియ్యం డబ్బాలో దాస్తారు, తేమకి పాడవుతాయి. లేబుల్ పీకేసుకోమను, సీసా మార్చొద్దను, సీసా లోపల తేమ పీల్చే చిన్న పొట్లం ఉంటుంది, అది పారేయొద్దను. గర్భిణులు పరగడుపున డాల్యుటెగ్రావిర్ అనే హెచ్ఐవీ మందుతో ఐరన్, కాల్షియం బిళ్లలు కలిపేస్తే మందు ఒంటికి సరిగా పట్టదు, ఇది వేసుకున్నాక రెండు గంటలాగి అవి వేసుకోవాలి. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే డాల్యుటెగ్రావిర్ ఇంకో మాత్ర పన్నెండు గంటల తేడాతో పడాలి. టీబీ సెంటర్‌వాళ్లూ మీరూ మాట్లాడుకోకపోతే పేషెంటుకి ఎవరు చెప్తారు?

సవర గిరిజనులకి మన తెలుగూ ఒడియా రెండూ పరాయివే, అర్థమైందా అంటే పాపం తలూపేస్తారు. మాత్ర ఎప్పుడు, ఎలా వేసుకుంటారో వాళ్లచేతే చెప్పించు. అలాగని వెంటొచ్చిన చుట్టాన్ని మధ్యలో పెట్టకు. రోగి ఒప్పుకోనిదే ఆశాకి కూడా పేరు చెప్పకూడదు, 2017 హెచ్ఐవీ చట్టం ఉంది. ఇంటికి వెళ్లాల్సొస్తే ఎయిడ్స్ బోర్డున్న బండి వీధి చివరే ఆపించు.

జీతం ఎలాగూ లేటుగానే వస్తుంది, దానికి టెన్షన్ పడకు. ముందు రిజిస్టర్ తీసి, మందులకి రావడం మానేసినవాళ్లు ఎంతమందో చూసిపెట్టు. పేర్లు నాకొద్దు. ఆదివారం ఫోన్ చేస్తా, ఎక్కడ మొదలుపెట్టాలో మాట్లాడుకుందాం.

మీ పెద్దమ్మ