వరద నీటిలో రెస్క్యూ పనికి ఏ కత్తి కొనాలి? ముందు ఒర చూడండి

చెన్నై శివారులోని మీ ముడిచూర్ కాలనీ వాలంటీర్లకి పడవ, త్రో బ్యాగులు (తాడు నింపి విసిరే సంచులు), లైఫ్ జాకెట్లు సమకూరాయనీ, ఇక మనిషికో రెస్క్యూ కత్తి కొనాలనీ రాశారు. మడత కత్తి మంచిదా ఒరలో పెట్టుకునేదా, మొన ఉండాలా వద్దా, ఏ ఉక్కు తీసుకోవాలి అని అడిగారు. మడత లేనిది, మొన మొద్దుగా ఉన్నది, బ్లేడులో సగమైనా రంపపు పళ్ళున్నది తీసుకోండి. మూడంగుళాల పొడవు చాలు. అయితే నేను కత్తి కంటే ముందు దాని ఒరని చేతిలోకి తీసుకుని చూస్తాను. ఈ కత్తుల గురించి రాసేవాళ్ళు ఉక్కు మీద పేజీలు నింపి, ఒర గురించి ఒక్క వాక్యంతో సరిపెడతారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను తాంబరం వైపు వరదలకి పడవ తీసుకెళ్ళే బృందంలో ఉన్నాను. 2015 డిసెంబరులో అడయార్ నది పొంగినప్పుడూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకి మీ ముడిచూర్, వరదరాజపురం, ఇటు పళ్ళికరణై, వేళచ్చేరి మునిగినప్పుడూ నీళ్ళలో పనిచేశాను. వాడి చూసినవీ, తోటివాళ్ళు వాడుతుంటే చూసినవీ ఇక్కడ చెప్తున్నాను.

చెన్నైలో కొండలు లేవు, ఇక్కడి నీళ్ళకి వడి ఎక్కడిది అని చాలామంది అనుకుంటారు. వీధిలో నిలబడ్డంతసేపూ నీరు చెరువులాగే ఉంటుంది. ప్రహరీ గోడ కూలిన చోట, కల్వర్టు నోటి దగ్గర, వంతెన స్తంభాల మధ్య, కాలవ నదిలో కలిసే చోట అదే నీరు ఇరుకు దారిలోంచి దూకుతుంది. నీటి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. మనిషి ఒంటికి అడ్డంగా అర చదరపు మీటరు మేర నీరు తగులుతోంది అనుకుంటే, సెకనుకి 1 మీటరు వేగంలో తోపు సుమారు 25 కిలోల బరువుకి సమానం. 2 మీటర్ల వేగంలో అది 100 కిలోలకి చేరుతుంది. ఆ బరువు వేలాడుతున్న తాడు ముడిని ఎంత బలమైన వేళ్ళైనా విప్పలేవు. అందుకే తాడు ఉన్న చోట కత్తి ఉండాలంటారు. మనం కత్తి పెట్టుకునేది ప్రధానంగా మన తాడే మనల్ని పట్టేసినప్పుడు కోసుకోవడానికి.

అంటే కత్తి తీయాల్సిన క్షణంలో మీ పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి. ముఖం నీళ్ళలో ఉంటుంది. బురద నీటిలో ఏమీ కనపడదు. ఒక చెయ్యి దేన్నో పట్టుకునో, దేనికో చిక్కుకునో ఉంటుంది. మిగిలిన చేతికి గ్లవ్ ఉంటుంది, వేళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి. అప్పుడు అది కుడి చెయ్యా ఎడమ చెయ్యా అన్నది మీ ఇష్టం కాదు. కాబట్టి కత్తి ఛాతీ మీద, జాకెట్ మీద ఉండే పలక లాంటి పట్టుకి గట్టిగా బిగించి, రెండు చేతులకీ అందేట్టు ఉండాలి. నడుం బెల్టుకి పెట్టుకుంటే జాకెట్ దాన్ని కప్పేస్తుంది. స్కూబా డైవర్లలా పిక్కకి కట్టుకుంటే ప్రవాహంలో కొమ్మకో కంచెకో తగులుకుంటుంది, పైగా ఒంగి అందుకోవాలి. జేబులో పెట్టుకుంటే జిప్పు తీయాలి.

ఇక ఒర. రెండు పరస్పర విరుద్ధమైన పనులు అది చెయ్యాలి. మీరు పడవ అంచు మీంచి బోర్లా జారినా, ఎవరినో పైకి లాగుతూ ఛాతీని రాసుకున్నా కత్తి జారిపోకూడదు. అదే మీరు కావాలని లాగితే ఒక్క కదలికలో రావాలి. గుడ్డ ఒరకి గుండీ పట్టీ ఉన్నవి వద్దు, తడిసిన పట్టీ గ్లవ్ వేసుకున్న చేతికి లొంగదు. నొక్కితే వదిలే గట్టి ప్లాస్టిక్ ఒర మేలు. మోరా కంపెనీ స్టెయిన్‌లెస్ కత్తులు మంచి పదునూ, తక్కువ ధరా ఉన్నవే. కానీ మామూలు మోరా కత్తికి మొన సూదిగా ఉంటుంది, ఒర కేవలం బిగుతు మీద ఆధారపడి పట్టుకుంటుంది. పడవలో సామాను పెట్టెలో పెట్టుకోవడానికి అది సరే, ఛాతీ మీదకి నేను ఒప్పుకోను. ఎన్‌ఆర్‌ఎస్ కంపెనీ కో-పైలట్ కత్తి లాంటివి నదిలో తెప్పలు నడిపేవాళ్ళ కోసమే చేసినవి. చిన్నగా, మొద్దు మొనతో ఉంటాయి.

కొన్నాక ఈ పరీక్ష తప్పకుండా చెయ్యండి. జాకెట్ వేసుకుని, గ్లవ్స్ తడిపి, కళ్ళు మూసుకుని కుడి చేత్తో తీయండి, తర్వాత ఎడమ చేత్తో. ఈత కొలనులో మీ పక్కన ఒకరిని నిలబెట్టుకుని, నీళ్ళలో బోర్లా తేలుతూ తీయండి. మొదట కత్తి బదులు అదే ఒరలో పట్టే చెక్క ముక్కతో చేస్తే చేతులు తెగవు. మా బృందంలో కొత్తగా వచ్చిన ఒకతను ఖరీదైన మడత కత్తి తెచ్చుకున్నాడు. శిక్షణలో తడి గ్లవ్స్‌తో దాన్ని ఒంటి చేత్తో తెరవలేకపోయాడు. గట్టు మీద నిలబడి అదే కత్తి టక్కున తెరిచేవాడు. ఆ తర్వాత మాలో ఎవరూ మడత కత్తి మాట ఎత్తలేదు.

మొన మొద్దుగా ఉండాలనడానికి కారణం కూడా ఆ పరిస్థితే. మీరు కోయబోయే పట్టీ మీ ఒంటిని ఆనుకునో, మీరు కాపాడుతున్న మనిషి మెడ దగ్గరో ఉంటుంది. ఆ మనిషి భయంతో మిమ్మల్ని వాటేసుకుంటాడు, పడవ ఊగుతుంది. రబ్బరు పడవైతే మొనదేలిన కత్తి ఒక్క పోటుతో గాలి తీసేస్తుంది. పొడవాల్సిన అవసరం ఈ పనిలో దాదాపు రాదు.

పళ్ళ సంగతి. త్రో బ్యాగులో ఉండే తేలే తాడు ఎక్కువగా పాలీప్రొపిలీన్. బిగుసుకున్న తాడుకి ఏ పదునైన అంచు ఆనించినా తెగిపోతుంది. వదులుగా ఉన్నదే కష్టం. సాదా అంచు తడి తాడు మీద జారుతుంది, పళ్ళు పట్టుకుని కోస్తాయి. వదులు తాడుని ఒంటి చేత్తో కోయాలంటే దాన్ని బ్లేడు చుట్టూ ఉచ్చులా మడిచి మీ వైపు కాకుండా బయటికి లాగాలి. చేపల వలల్లోని సన్న నైలాను దారమైతే సాదా అంచు మీంచి మరీ జారుతుంది. మిచౌంగ్ అప్పుడు మా ఇంజను ఫ్యానుకి చీరా, వల ముక్కా కలిపి చుట్టుకున్నాయి. ఇంజను ఆపి, పైకెత్తి, పళ్ళున్న భాగంతో కోశాం. అంచు చివర సాదాగా, పిడి వైపు పళ్ళతో ఉన్న కత్తి నాకు నచ్చుతుంది. చెన్నై పారిస్ కార్నర్ తాళ్ళ కొట్లలో మీరు వాడే మందంలోనే రెండు మీటర్లు కొనుక్కొచ్చి, తడిపి, కిటికీ ఊచకి కట్టి బిగించీ వదులుగానూ కోసి చూడండి. అరగంటలో మీ కత్తి సంగతి తేలిపోతుంది.

ఉక్కు విషయంలో ఎక్కువ ఆలోచించకండి. 420 రకం స్టెయిన్‌లెస్ త్వరగా మొండిదవుతుంది కానీ తుప్పుకి ఓర్చుకుంటుంది, సాన పట్టడం తేలిక. స్పైడర్కో కంపెనీ సాల్ట్ కత్తుల్లో వాడిన హెచ్1 ఉక్కులో కార్బన్ తగ్గించి నత్రజని కలుపుతారు, ఉప్పునీటిలో కూడా తుప్పు పట్టదనే చెప్పాలి. వాటిలో చాలావరకు మడత కత్తులే అని గుర్తుంచుకోండి. టైటానియం అసలు తుప్పు పట్టదు, కానీ అంచు నిలవదు. సాదా కార్బన్ ఉక్కు మాత్రం మన సముద్రపు గాలికి వద్దు.

మనిషికో కత్తి అన్నారు, అక్కడ ఒక మాట. నీళ్ళలోకి దిగేవాళ్ళ దగ్గర ఎంత అవసరమో, గట్టు మీద తాడు పట్టుకున్నవాళ్ళ దగ్గరా అంతే అవసరం. మన వీధుల్లో వరదొస్తే ముందు దిగేవాడి నడుముకి తాడు బిగించి కట్టేస్తారు. ప్రేమతో చేసే పనే, ప్రాణం మీదకి తెచ్చేదీ అదే. అతను జారితే తాడు వెనక్కి పట్టి ఉంచుతుంది, నీళ్ళు మీదనుంచి తొక్కి ముంచేస్తాయి. గట్టు మీద ఎంతమంది లాగితే అంత లోపలికి వెళ్తాడు. నడుముకి ముడి వేయడం పూర్తిగా మానేయండి. రెస్క్యూ జాకెట్లలో కొన్నింటికి ఛాతీ చుట్టూ పట్టీ, దాన్ని ఒక్క లాగుతో వదిలించే గుండు ఉంటాయి. తాడు తగిలించాలంటే దానికే, అదీ శిక్షణ ఉన్నవాళ్ళే. మీ జాకెట్లకి ఆ ఏర్పాటు లేకపోతే మనిషికి తాడు కట్టే మాటే వద్దు, త్రో బ్యాగు విసరడం వరకే. తాడు చేతికి చుట్టుకోవడం కూడా వద్దు. ఇంటి గేట్ల గ్రిల్లుల దగ్గరికీ, కంచెల దగ్గరికీ ఎవరినీ వెళ్ళనివ్వకండి. అవి జల్లెడ లాంటివి, నీళ్ళు దాటిపోతాయి, మనిషి ఆగిపోతాడు. అక్కడ చిక్కినవాణ్ణి కత్తి కాపాడలేదు.

బరువు మీద ఉన్న తాడు కోసే ముందు అవతలి కొసన ఎవరున్నారో చూసి, గట్టిగా అరిచి చెప్పండి. నైలాను తాడు సాగుతుంది, తెగగానే రెండు కొసలూ విసురుగా వెనక్కొస్తాయి. ఆ దారిలో ఎవరి ముఖమూ ఉండకూడదు. పని అయ్యాక నీళ్ళలో కత్తిని మళ్ళీ ఒరలో దూర్చే ప్రయత్నం చెయ్యకండి, వదిలేయండి. ఈ కారణంగానే కత్తికి తాడు కట్టుకోవద్దంటాను. చాలామంది ఒప్పుకోరు, ఖరీదైనది పోతుందంటారు. తెరిచిన బ్లేడు మీ చుట్టూ దారానికి వేలాడుతూ కొట్టుకోవడం కంటే అది అడయార్ అడుగున ఉండటం నయం.

కాపాడాల్సిన మనిషి దగ్గరికి చేరాక మాత్రం నేను ముందు తీసేది కత్తి కాదు. ఆంబులెన్సులో వాడే మొద్దు మొన కత్తెర. చీర, జీన్స్, వల, బ్యాగు పట్టీ ఏదైనా ఒంటికి గాటు పడకుండా కోస్తుంది, ధర కూడా తక్కువ. కొక్కెం ఆకారపు కట్టర్ కూడా మంచిదే, బ్లేడు లోపల దాగి ఉంటుంది, పట్టీలకి బాగా పనికొస్తుంది. దాని సందులో మందపాటి తాడు పట్టదు. మీ డబ్బు పరిమితమైతే నీళ్ళలోకి దిగేవాళ్ళకీ తాడు పట్టేవాళ్ళకీ కత్తులు కొని, మిగిలినవాళ్ళందరికీ కత్తెరలు ఇవ్వండి.

దేనితోనైనా సరే, నీళ్ళలో వేలాడే వైరు మాత్రం కోయకండి. కేబుల్ టీవీదా కరెంటుదా అని నీళ్ళలో నిలబడి ఎవరూ తేల్చలేరు. విద్యుత్ బోర్డు వాళ్ళు లైను ఆపారని నిర్ధారించుకునే దాకా పడవని దూరంగా ఉంచండి.

చట్టం గురించి కూడా అడిగారు. 2016 ఆయుధ నియమాల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవో 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న బ్లేడు, ఇంటి పనికో వ్యవసాయానికో పరిశ్రమకో చేసినది కాకపోతే, ఆయుధాల కిందికి వస్తుంది. మూడంగుళాల మొద్దు కత్తికి ఆ ఇబ్బంది లేదు. అయినా మామూలు రోజుల్లో జాకెట్‌తో పాటు కిట్ బ్యాగులోనే ఉంచండి. విమానంలో చేతి సామానులో పెట్టకండి.

వరద నీళ్ళంటే మురుగు నీళ్ళే. పని అవగానే మంచినీళ్ళతో కత్తినీ ఒర లోపలనీ కడిగి ఆరబెట్టి, కుట్టుమిషను నూనె పలచగా రాయండి. పళ్ళకి సన్నటి గుండ్రటి ఆకురాయి వాడాలి, వంటింటి సాన రాయి వాటిని అరగదీసేస్తుంది. ఈశాన్య రుతుపవనాలకి ముందు, సెప్టెంబరులోనే, అన్నీ బయటికి తీసి చూసుకోండి. ఎండకి ప్లాస్టిక్ ఒరలు పెళుసెక్కుతాయి, పగులు కనిపిస్తే మార్చండి. శిక్షణకి జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి ఆపద మిత్ర పథకం గురించి మీ జిల్లా కలెక్టరేటులో కనుక్కోండి.

మీ లైఫ్ జాకెట్ ముందు భాగం ఫోటో ఒకటి పెట్టండి. కత్తి ఎక్కడ బిగించాలో, అసలు బిగించే పట్టు ఉందో లేదో చూసి చెప్తాను. అది తేలాకే ఆర్డరు పెట్టండి.