రెండో కార్డు తీసేసే ముందు

చిట్టీ,

మారతహళ్ళి పీజీల (పేయింగ్ గెస్ట్ హాస్టళ్ళ) వెబ్ పేజీలో ఒకే కార్డు, అంటే ఒక పీజీ వివరాలుండే పెట్టె, రెండేసిసార్లు వస్తోందని, జావాస్క్రిప్ట్‌తో తీసేస్తానని రాశావు. తీసేయడం నాలుగు లైన్ల పని. ఏది నకలో తేల్చుకోవడమే అసలు పని, తొందరపడేది కూడా అక్కడే.

పేరు చూసి పోల్చేద్దామంటున్నావు. ఇక్కడ మా వీధిలోకి వచ్చి చూడు, వెంకటేశ్వర పీజీ, సాయి పీజీ ఎన్ని కనిపిస్తాయో! ఒకే ఓనరు అదే పేరుతో లేడీస్‌కి ఒకటి, జెంట్స్‌కి ఒకటి నడుపుతుంటాడు. పేరొక్కటే చూస్తే అందులో ఒకటి మాయమైపోతుంది. నకలు ఉంటే ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు, పోయిన కార్డు గురించి అడిగేవాళ్ళే ఉండరు. అందుకే సందేహంగా ఉన్నదాన్ని ఉంచేయ్.

సర్వర్ ప్రతి పీజీకి ఒక ఐడీ ఇస్తుంటే దాన్నే కార్డు మీద డేటా యాట్రిబ్యూట్‌గా (ట్యాగులో రాసుకునే అదనపు సమాచారంగా) పెట్టుకుని వాడు. అది లేకపోతే పేరు, ఫోన్ నంబరు, లేడీస్‌దా జెంట్స్‌దా అన్నది, మూడూ కలిపి ఒక కీ, అంటే పోల్చుకునే గుర్తు, కట్టు. ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా మధ్యలో నిలువు గీత లాంటిదేదైనా పెట్టడం మరిచిపోకు.

ఇక కోడ్. క్వెరీసెలెక్టర్‌ఆల్‌తో కార్డులన్నీ తీసుకో, ఒక ఖాళీ సెట్ (ఏ విలువనైనా ఒక్కసారే ఉంచుకునే జాబితా) పెట్టుకో. ఒక్కో కార్డుకీ కీ కట్టి, అది ఇప్పటికే సెట్‌లో ఉంటే ఆ కార్డు మీద రిమూవ్ పిలువు. లేకపోతే కీని సెట్‌లో వేసి ముందుకు పో. 2015లో జావాస్క్రిప్ట్ ఈఎస్6 వెర్షన్‌తో సెట్ వచ్చాక ఇంతకంటే తిప్పలు పడక్కర్లేదు. కార్డులనే నేరుగా సెట్‌లో వేస్తే మాత్రం ఏమీ జరగదు. మన కంటికి ఒకటే అయినా బ్రౌజర్‌కి అవి రెండు వేర్వేరు ఆబ్జెక్టులు.

ఈజ్‌ఈక్వల్‌నోడ్ అని రెండు కార్డులను పోల్చేది ఒకటుంది, ఎవరో ఒకరు నీకు చెప్తారు. ట్యాగులు, యాట్రిబ్యూట్లు, లోపలి టెక్స్ట్ అన్నీ ఒకేలా ఉంటేనే అది ఔనంటుంది, ఒక్క స్పేస్ తేడా ఉన్నా కాదంటుంది. పైగా ప్రతి కార్డునీ మిగతా వాటితో పోల్చుకుంటూ పోతే వెయ్యి కార్డులకు దాదాపు ఐదు లక్షల పోలికలు. నేనైతే వాడను.

గెట్‌ఎలిమెంట్స్‌బైక్లాస్‌నేమ్ జోలికి కూడా పోకు. అదీ కార్డులన్నీ ఇస్తుంది, కానీ ఇచ్చేది లైవ్ జాబితా, పేజీ మారితే తనూ మారుతుంది. ఒకటి తీసేయగానే వెనకవన్నీ ఒక స్థానం ముందుకు జరుగుతాయి, నీ లూప్ ఒకదాన్ని దాటేస్తుంది. ఒకే కార్డు వరసగా మూడుసార్లు వస్తే అందులో ఒక నకలు అలాగే మిగిలిపోతుంది.

పేరు కీలో ఉంటే ఇంకో గొడవ, మన తెలుగుతో. టెక్స్ట్‌కంటెంట్ తీసుకుని, ట్రిమ్‌తో అటూ ఇటూ స్పేసులు తీసేసి, మధ్యలో వరస స్పేసులు ఒకటి చెయ్. (ఇన్నర్‌టెక్స్ట్ వద్దు. సీఎస్‌ఎస్‌తో దాచినదాన్ని వదిలేస్తుంది, లేఅవుట్ లెక్కలు కూడా చేయిస్తుంది.) అయినా రెండు 'మైత్రి'లు సమానం కాకపోవచ్చు. యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ అక్షరాలను దాచుకునే పద్ధతిలో, ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వానికి ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. తెర మీద తేడా తెలియదు. నార్మలైజ్ పిలిస్తే రెండూ ఒకటవుతాయి. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లు నిలవడానికి వేసే కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ మాత్రం ట్రిమ్‌కీ పోదు, నార్మలైజ్‌కీ పోదు. దాన్ని నువ్వే రీప్లేస్‌తో తీసేయాలి. ఇదంతా కీ కోసమే, పేజీలో కనిపించే పేరును ముట్టుకోకు.

రెండింటిలో ఏది ఉంచాలో కూడా చూసుకో. మామూలుగా మొదటిది ఉంచుతాం, కానీ రెండోదాంట్లో కొత్త అద్దె ఉంటే పాతది చూపించినట్టవుతుంది. పేజీని రియాక్ట్ అనే లైబ్రరీ గీస్తుంటే అసలు డామ్‌లో (బ్రౌజర్ దగ్గరున్న పేజీ నిర్మాణంలో) చెయ్యి పెట్టకు. అది గీసినదాన్ని నువ్వు తీసేస్తే తర్వాత తనే తీయబోయి ఎర్రర్ విసురుతుంది. అక్కడ డేటా అర్రేలోనే నకళ్ళు తీసేసి ఇవ్వు.

స్క్రోల్ చేస్తుంటే కార్డులు వచ్చి చేరే పేజీ కదా నీది? అయితే సెట్‌ని ఫంక్షన్ బయట ఉంచు, కొత్తగా వచ్చిన వాటినే పరీక్షించు. ఒకసారి బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ కూడా తెరిచి చూడు. నకళ్ళు సరిగ్గా మొదటి విడత చివర, రెండో విడత మొదట వస్తుంటే కారణం ఆఫ్‌సెట్ లెక్క, అంటే 'మొదటి ఇన్ని వదిలేసి తర్వాతవి ఇవ్వు' అని సర్వర్‌ని అడగడం. ఆ మధ్యలో కొత్త పీజీ ఒకటి పైన చేరితే అన్నీ ఒక స్థానం కిందికి జరుగుతాయి, చివరి కార్డు మళ్ళీ వస్తుంది. అదే ఆ రెండు విడతల మధ్య, మొదటి విడతలోని ఒక పీజీని తీసేశారనుకో, ఒక కార్డు అసలు రానే రాదు. దానికి నీ సెట్ ఏమీ చేయలేదు. మీ చెన్నై తరమణి ఆఫీసులో బ్యాకెండ్ చూసేవాళ్ళని ఆఫ్‌సెట్ బదులు కర్సర్ ('ఈ కార్డు తర్వాతవి ఇవ్వు' అనే గుర్తు) పెట్టమని అడుగు. మొహమాటంగా ఉంటే ఆ రెండు విడతల రెస్పాన్సులు పక్కపక్కన పెట్టి స్క్రీన్‌షాట్ పంపు.

మీ పిన్ని,
బెంగళూరు